చదరంగపు గింజల లెక్క: 20 అంకెల సంఖ్యను పెన్నూ పేపరుతో విప్పడం ఎలా?

1,84,46,74,40,73,70,95,51,615.

ఇది ఏయే ప్రధాన సంఖ్యల గుణకారమో, దీన్ని భాగించే సంఖ్యలు మొత్తం ఎన్ని ఉన్నాయో ఒక సాయంత్రం కూర్చుంటే మీరే తేల్చేయొచ్చు. గళ్ల నోటుబుక్కు, పెన్ను, ఎక్కాలు, స్కూల్లో చదివిన ఒక్క బీజగణిత సూత్రం ఉంటే చాలు. ఫోన్ మాత్రం పక్కన పెట్టేయండి. చాలా ఫోన్లలో కాలిక్యులేటర్ ఈ సంఖ్యను 1.8446744 అని చూపించి, పక్కన 19 అని ఒక గుర్తు పెట్టి వదిలేస్తుంది. తోకలో ఉన్న అంకెలన్నీ మాయం. మనకు కావలసిందే ఆ తోక.

ముందు సంఖ్యను పద్యంలోంచి దించుకోండి

దీన్ని ఎక్కడినుంచో కాపీ చేసుకోనక్కర్లేదు. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లన ఈ సంఖ్య మొత్తాన్నీ ఒక పద్యంలో కూర్చి పెట్టాడు. చదరంగం పలక మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ 64 గళ్లూ నింపితే వచ్చే మొత్తం ఇది. ఆయన అంకెలకు బదులు మాటలు వాడాడు. వీటినే భూతసంఖ్యలు అంటారు. వరుసగా రాసుకోండి:

శర, శశి, షట్క, చంద్ర, శర, సాయక, రంధ్ర, వియత్, నగ, అగ్ని, భూధర, గగన, అబ్ధి, వేద, గిరి, తర్క, పయోనిధి, పద్మజాస్య, కుంజర, తుహినాంశు.

ఇప్పుడు ఒక్కో మాట కింద దాని అంకె వేయండి. మన్మథుడి బాణాలు ఐదు కాబట్టి శరానికీ సాయకానికీ 5. చంద్రుడు ఒక్కడే, అందుకే శశి, చంద్ర, తుహినాంశు మూడింటికీ 1. షట్కం, తర్కం 6. మన ఒంటికి నవరంధ్రాలు, కాబట్టి 9. వియత్తు, గగనం అంటే ఆకాశం, అంటే సున్నా. నగ, భూధర, గిరి మూడూ పర్వతాలే, కులపర్వతాలు 7. అగ్నులు 3, వేదాలు 4, బ్రహ్మ ముఖాలు 4, దిక్కుల్ని మోసే ఏనుగులు 8. సముద్రాలు ఏడు కదా అని మీకు అనుమానం రావచ్చు. ఈ లెక్కలో అవి నాలుగే. పద్యంలో 'వియన్నగాగ్ని' అని ఒకే మాటలా వినిపించేది విడదీస్తే మూడు అంకెలు: 0, 7, 3.

మీ నోటుబుక్కులో 5, 1, 6, 1, 5, 5, 9, 0, 7, 3, 7, 0, 4, 4, 7, 6, 4, 4, 8, 1 అని వచ్చిందా? భూతసంఖ్యల్లో మొదట చెప్పేది ఒకట్ల స్థానం. కాబట్టి వెనక నుంచి ముందుకు చదవండి. 18446744073709551615.

అంకెలు లెక్కపెట్టి 20 ఉన్నాయని చూసుకోకుండా ముందుకు వెళ్లకండి. మొదటిసారి రాసుకున్నప్పుడు 9551 లోని ఒక 5 నా చేతిలో ఎగిరిపోయింది. ఇది 3తో ఎందుకు భాగం పోవట్లేదా అని అరగంట తల పట్టుకున్నాను.

మల్లన లెక్క సరైనదేనా? మీరే కట్టి చూడండి

64 సంఖ్యల్ని కూడనక్కర్లేదు. 1 + 2 = 3, అంటే 4కి ఒకటి తక్కువ. 1 + 2 + 4 = 7, అంటే 8కి ఒకటి తక్కువ. ఎక్కడ ఆగినా మొత్తం తర్వాతి గడికి ఒకటి తక్కువే. 64 గళ్ల తర్వాత 65వ గడి ఉంటే అందులో 2⁶⁴ గింజలు పడేవి. కాబట్టి మన సంఖ్య 2⁶⁴ − 1.

2⁶⁴ కట్టడానికి 2ను 64 సార్లు గుణించకండి. వర్గం చేసుకుంటూ వెళ్లండి: 2, 4, 16, 256, 65536, 4294967296. ఆరో మెట్టుకే 2³² వచ్చేసింది. ఇంకొక్క వర్గం చాలు. పది అంకెల సంఖ్యను మధ్యకు విరగ్గొట్టండి: 42949, 67296.

42949 వర్గం 1844616601. (43000 − 51 అనుకుని చేస్తే సులువు.)
42949 × 67296 = 2890295904. దీనికి రెట్టింపు 5780591808.
67296 వర్గం 4528751616.

మొదటిదాని చివర పది సున్నాలు, రెండోదాని చివర ఐదు సున్నాలు చేర్చి, మూడింటినీ ఒకట్ల స్థానాలు కలిసేలా కింద కింద రాసి కూడండి. 18446744073709551616 వస్తుంది. ఒకటి తీసేస్తే మల్లన సంఖ్య, ఒక్క అంకె తేడా లేకుండా. కంప్యూటర్లు లేని రోజుల్లో కట్టిన లెక్క ఇది. నాకు మాత్రం ఈ కూడిక దగ్గర ప్రతిసారీ చిన్న టెన్షన్ ఉంటుంది.

తప్పు పోయిందేమో చూసుకోవడానికి అంకెల మొత్తం వేయండి. 4294967296 అంకెల మొత్తం 58, దాని అంకెలు కూడితే 13, మళ్లీ కూడితే 4. నాలుగు నాలుగులు పదహారు, 1 + 6 = 7. వర్గం అంకెల మొత్తం 88, దాన్నుంచి 16, అందులోంచి 7. కలిసింది.

చిన్న సంఖ్యలతో పరీక్ష

చివర 5 ఉంది, కాబట్టి 5తో భాగం పోతుంది. అంకెల మొత్తం 87, కాబట్టి 3తో పోతుంది, 9తో పోదు. చివరి రెండంకెలు 15, దాన్ని 4తో భాగిస్తే శేషం 3. ఏ వర్గ సంఖ్యను 4తో భాగించినా శేషం 0 గానీ 1 గానీ అవ్వాలి. కాబట్టి మన సంఖ్య వర్గం కాదు, రెండు వర్గాల మొత్తం కూడా కాలేదు. రెండంకెలు చూసి ఇంత తెలిసింది.

7, 11, 13లకు విడివిడిగా తంటాలు పడొద్దు. 7 × 11 × 13 = 1001. అందుకని ఈ ఒక్కసారికి మన లక్షలు, కోట్ల కామాలు మరిచిపోయి కుడి నుంచి మూడేసి అంకెలుగా విడదీయండి: 18, 446, 744, 073, 709, 551, 615. కుడి చివర నుంచి ఒకసారి కలుపుతూ, ఒకసారి తీసేస్తూ రండి. 615 − 551 + 709 − 73 + 744 − 446 + 18 = 1016. 20 అంకెల సంఖ్యకు బదులు ఇక 1016ను భాగిస్తే సరిపోతుంది. 7తో శేషం 1, 11తో 4, 13తో 2. మూడూ పోవు.

ఇలా 17, 19, 23 అంటూ ఒక్కో ప్రధాన సంఖ్యనూ ప్రయత్నిస్తూ పోవచ్చు. పోకండి. వర్గమూలం దగ్గరదగ్గర 429 కోట్లు. అంత దూరం వెళ్లేవాడెవరూ తిరిగి రాడు. పెద్ద సంఖ్య ఎదురైతే నేను ముందు అడిగేది అది దేనితో భాగం పోతుందని కాదు, అది ఎలా పుట్టిందని. ఇది రెట్టింపుల్లోంచి పుట్టింది. ఆ పుట్టుకే దీన్ని విప్పుతుంది.

ఒక్క సూత్రంతో ఏడు ముక్కలు

ఏ స్క్వేర్ మైనస్ బీ స్క్వేర్ అనగానే ఏ ప్లస్ బీ ఇంటూ ఏ మైనస్ బీ అని నోటికొస్తుంది కదా. 2⁶⁴ అంటే 2³² వర్గం, 1 అంటే 1 వర్గం. కాబట్టి

2⁶⁴ − 1 = (2³² + 1) × (2³² − 1).

మొదటి ముక్కను అలా ఉంచి, రెండోదాన్ని మళ్లీ ఇదే సూత్రంతో విరగ్గొట్టండి: (2¹⁶ + 1) × (2¹⁶ − 1). మళ్లీ, మళ్లీ. ఉల్లిపాయ పొరల్లా ఊడివస్తుంది. చివరికి మిగిలే 2 − 1 అంటే 1, దాన్ని వదిలేయండి. చేతిలో ఇవి ఉంటాయి:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

ఏడు ముక్కలని పైన రాసి ఆరే ఇచ్చానేమిటి అనుకుంటున్నారా? ఏడోది ఆఖరి దాంట్లో దాక్కుంది. ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా అంతటివాడికే అది కనబడలేదు.

ప్రతి ముక్కా ప్రధానమేనా?

3, 5, 17కు పరీక్ష అక్కర్లేదు. 257 వర్గమూలం 16 చిల్లర, 13 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు. దేనితోనూ పోదు.

65537కి వర్గమూలం 256 పైచిలుకు. అక్కడి దాకా 54 ప్రధాన సంఖ్యలున్నాయి. అన్నిటినీ పరీక్షించాల్సిన పని లేకుండా ఒక దారి ఉంది. ఏదైనా ప్రధాన సంఖ్య 2¹⁶ + 1ని భాగించిందనుకోండి. ఆ సంఖ్యతో శేషాలు తీస్తూ పోతే 2¹⁶ దగ్గర శేషం −1 (అంటే పూర్తిగా భాగం పోవడానికి ఒకటి తక్కువ) వస్తుంది, 2³² దగ్గర గానీ తిరిగి 1కి రాదు. బేసి ప్రధాన సంఖ్యకు ఒకటి తక్కువైనన్ని సార్లు 2ను గుణించి, ఆ ప్రధాన సంఖ్యతోనే భాగిస్తే శేషం 1 అంటుంది ఫెర్మా చిన్న సిద్ధాంతం. దాని ప్రకారం ఆ 32, ఆ ప్రధాన సంఖ్యకు ఒకటి తక్కువైన సంఖ్యను భాగించి తీరాలి. అంటే ఆ ప్రధాన సంఖ్య '32 రెట్లు కూడిక 1' రూపంలోనే ఉండాలి. 256 లోపు అలాంటివి 33, 65, 97, 129, 161, 193, 225. వీటిలో ప్రధానమైనవి 97, 193 మాత్రమే. 65537ను 97తో భాగిస్తే శేషం 62, 193తో భాగిస్తే 110. అయిపోయింది, 65537 ప్రధానమే. 54 భాగహారాల పని రెండింటితో ముగిసింది.

ఇక 4294967297. 1640లో ఫెర్మా 3, 5, 17, 257, 65537 వరుస చూసి, ఈ పద్ధతిలో వచ్చేవన్నీ ప్రధానాలే అని నమ్మాడు. 1732లో స్విస్ గణితజ్ఞుడు ఆయిలర్ తర్వాతి దాన్నే విరగ్గొట్టి చూపించాడు. పైన మనం నడిచిన దారినే వెళితే ఇక్కడ భాజకం '64 రెట్లు కూడిక 1' రూపంలో ఉండాలి. రాసుకోండి: 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. ప్రధానం కానివి కొట్టేస్తే 193, 257, 449, 577, 641. ఫెర్మా సిద్ధాంతమే ఫెర్మా నమ్మకాన్ని పడగొట్టడానికి పనికొచ్చింది చూడండి.

పది అంకెల సంఖ్యను వీటితో భాగించనక్కర్లేదు. శేషాన్ని వర్గం చేయండి చాలు. 193తో: 65536కి శేషం 109. 109 వర్గం 11881, దాని శేషం 108. ఒకటి కలిపితే 109, సున్నా కాదు, పోదు. 257తో: 256 అంటే −1, వర్గం 1, మళ్లీ వర్గం 1, ఒకటి కలిపితే 2. పోదు. 449తో: 65536 శేషం 431, అంటే −18. వర్గం 324, ఒకటి కలిపితే 325. పోదు. 577తో: శేషం 335, వర్గం 112225, దాని శేషం 287, ఒకటి కలిపితే 288. పోదు.

641తో నెమ్మదిగా చేయండి. 641 × 102 = 65382. 65536లోంచి తీసేస్తే 154. 154 × 154 = 23716. ఇప్పుడు 641 × 37 ఎంతో వేయండి. 23717. మనది సరిగ్గా ఒకటి తక్కువ. అంటే శేషం −1. దానికి ఒకటి కలిపితే సున్నా.

నాకు తెలిసిన లెక్కల్లో ఇంత తక్కువ శ్రమకు ఇంత ఆనందం ఇచ్చేది ఇంకోటి లేదు. భాగహారం చేస్తే 4294967297 = 641 × 6700417.

6700417 ప్రధానమా? వర్గమూలం 2588 చిల్లర. ఇక్కడ ఇంకో సాయం ఉంది. 1878లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఎడ్వార్డ్ లూకాస్ ఈ జల్లెడను ఇంకా బిగించాడు. 64 కాదు, '128 రెట్లు కూడిక 1' రూపం సరిపోతుందని. 2588 లోపు ఆ రూపంలో ఉన్న ప్రధాన సంఖ్యలు ఐదే: 257, 641, 769, 1153, 1409. 257 పోదని ఇందాకే తేలింది. మిగతా నాలుగింటితో 6700417ను భాగిస్తే శేషాలు 44, 120, 334, 622. దేనితోనూ పోలేదు, కాబట్టి ప్రధానమే.

ఈ లూకాసే 1883లో హనోయ్ గోపురం అనే బొమ్మను తెచ్చాడు. ఆ బొమ్మ చుట్టూ అల్లిన కథలో కాశీలో ఒక గుడి, వజ్రపు సూదులు, 64 బంగారు బిళ్లలు ఉంటాయి. ఆ 64 బిళ్లల్నీ ఒక సూది నుంచి ఇంకో సూదికి మార్చడానికి కావలసిన ఎత్తులు ఎన్నో తెలుసా? ఇప్పుడు మీ నోటుబుక్కులో ఉన్న సంఖ్యే. సెకనుకు ఒక ఎత్తు చొప్పున 58 వేల కోట్ల ఏళ్ల పైమాటే.

ఇక పండు కోసుకోవడమే

2⁶⁴ − 1 = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడు ప్రధానాలూ ఒక్కోసారే వచ్చాయి. భాజకాన్ని తయారు చేయాలంటే ఒక్కోదాన్ని తీసుకోవాలా వద్దా అని ఏడుసార్లు నిర్ణయించుకోవాలి, అంతే. రెండేసి దారులు ఏడుసార్లు, 128. అంటే 1తోనూ ఆ సంఖ్యతోనూ కలిపి 128 భాజకాలు. ఏ ప్రధానమూ రెండోసారి రాలేదు కాబట్టి 1 తప్ప ఏ వర్గ సంఖ్యా దీన్ని భాగించదు.

అంకెల మొత్తం 87 అంటే 3 × 29. ఆ 29 మన జాబితాలో లేదు. కాబట్టి ఇది హర్షద్ సంఖ్య కాదు. తన అంకెల మొత్తంతో తానే భాగం పోయే సంఖ్యలకు దేవ్‌లాలీ బడిపంతులు కాప్రేకర్ పెట్టిన ముద్దుపేరు హర్షద్. 1, 2, 3, 4 అని కూడుకుంటూ పోతే వచ్చే త్రిభుజ సంఖ్య కూడా కాదు. త్రిభుజ సంఖ్యను 8తో గుణించి ఒకటి కలిపితే ఎప్పుడూ వర్గమే రావాలి, మన సంఖ్యకు అలా చేస్తే 2⁶⁷ − 7 వస్తుంది. 2 ఘాతానికి 7 తక్కువైన సంఖ్య ఎప్పుడెప్పుడు వర్గమవుతుందని రామానుజన్ 1913లో వేసిన ప్రశ్నకు 1948లో నార్వే గణితజ్ఞుడు నాగెల్ రుజువుతో జవాబిచ్చాడు. దాని ప్రకారం రెట్టింపుల మొత్తాల్లో త్రిభుజ సంఖ్యలు 1, 3, 15, 4095, ఇంతే.

641నూ 6700417నూ పక్కన పెట్టి మిగతా ఐదింటినీ గుణించి చూడండి. 3 × 5 = 15, 15 × 17 = 255, 255 × 257 = 65535, 65535 × 65537 = 4294967295. ఇంకా 19 ఏళ్లు నిండని జర్మన్ గణితజ్ఞుడు గాస్ 1796లో స్కేలు, వృత్తలేఖినితో 17 భుజాల క్రమ బహుభుజిని గీయొచ్చని కనిపెట్టాడు. ఆ పద్ధతిలో గీయగలమని ఇప్పటివరకు తెలిసిన బేసి భుజాల బహుభుజులు 31. వాటిలో అన్నిటికన్నా పెద్దదానికి ఉండే భుజాలు సరిగ్గా 4294967295.

గింజల సంగతి మరిచాను. బియ్యపు గింజ 20 మిల్లీగ్రాములు అనుకుంటే మొత్తం 36,900 కోట్ల టన్నులు. ఏడాదికి 50 కోట్ల టన్నుల బియ్యం లెక్కన వేసినా ఏడు వందల ఏళ్లకు పైగా ప్రపంచమంతా పండించి ఆ పలక మీదే పోయాలి.

కంప్యూటర్‌తో సరిచూసుకునేటప్పుడు

స్ప్రెడ్‌షీట్‌లో ఈ సంఖ్యను టైప్ చేస్తే సాధారణంగా 15 అంకెల తర్వాత అన్నీ సున్నాలైపోతాయి. చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో దశాంశ సంఖ్యలు దాచే పద్ధతిలో 9007199254740992 దాటితే పూర్ణాంకాలన్నీ కచ్చితంగా ఉండవు. మన సంఖ్య అక్కడ 2⁶⁴గా మారిపోతుంది, అంటే సరిసంఖ్య అయిపోతుంది. పైథాన్‌లో పూర్ణాంకంగా రాస్తే ఈ గొడవ లేదు. 64 బిట్లలో (ఒక్కో బిట్‌లో 0 గానీ 1 గానీ పడుతుంది) ప్లస్, మైనస్ గుర్తు లేకుండా పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే కాబట్టి, యంత్రంలో ఇది 64 ఒకట్లు వరుసగా నిలబడినట్టు ఉంటుంది. చదరంగపు గడికో ఒకటి.

ఇదంతా అయ్యాక ఇంకా ఓపిక ఉంటే మన సంఖ్యకు 2 కలపండి. 18446744073709551617. ఇది 2⁶⁴ + 1, ఆయిలర్ విరగ్గొట్టిన దాని తర్వాతిది. దీన్ని 1880లో ఫ్రెంచి గణితజ్ఞుడు లాండ్రీ 274177 × 67280421310721 అని విరగ్గొట్టాడు. లూకాస్ జల్లెడ ప్రకారం ఇక్కడ భాజకాలు '256 రెట్లు కూడిక 1' రూపంలో ఉండాలి. 257 దగ్గర మొదలుపెట్టి 274177 చేరడానికి 256కు 1071 రెట్ల దాకా వెళ్లాలి. ఇంకో నోటుబుక్కు కొనుక్కోండి.